రెండు రోజుల పిల్లాడికి రెండేళ్లు

నాకు చదవడం రాకుండా ఉంటే పోయిన వేసవి హాయిగా గడిచిపోయేది.

మా మనవరాలు స్పందన ఎనిమిదేళ్లప్పుడు తెలుగు బడి పుస్తకం ముందేసుకుని ఏడుస్తుంటే, తోడుగా పక్కన కూర్చుని నేనూ దిద్దాను. అలా యాభై దాటాక వచ్చాయి నాకు అక్షరాలు. అది ఆ పుస్తకం ఎప్పుడో మర్చిపోయింది. నేను మర్చిపోలేదు, పైగా ఇంగ్లీషు అంకెలూ అక్షరాలూ కూడా కూడబలుక్కున్నాను. సీసా మీద రాసిందీ, పెట్టె మీద రాసిందీ, కంటికి ఏది కనబడితే అది చదువుతాను. అదే కొంప ముంచింది.

స్పందనకి పెళ్లి కుదిరింది. కుదరడమంటే, అదే కుదుర్చుకుంది. అబ్బాయి పేరు జిహో. కొరియా వాళ్లు. మాలాగే అమెరికా వచ్చి స్థిరపడ్డారు. తల్లీ తండ్రీ డాలస్‌లో ఉంటారు. అతను మాత్రం మాకు దగ్గరి ఊరు సువానీలో నాయనమ్మ దగ్గర పెరిగాడు. ఆవిడని హల్మోని అంటాడు. వాళ్ల భాషలో నాయనమ్మ అనే దానికర్థం. మేమూ ఆ పేరే పట్టుకున్నాం.

మే నెలలో ఒక ఆదివారం ఆవిడా జిహో మా ఊరు కమ్మింగ్‌లో మా ఇంటికి భోజనానికి వచ్చారు. హల్మోని గుమ్మంలో చెప్పులు విప్పి, వాటి ముక్కులు వీధివైపు తిప్పి జతగా పెట్టింది. అది చూసే మా అమ్మాయి సుమతి సగం ఒప్పేసుకుంది. తర్వాత ఆవిడ సోఫాలో నా పక్కన కూర్చుని, నమస్కారం కూడా అవకుండానే అడిగింది.

"హౌ ఓల్డ్?"

జిహో చెవులు ఎర్రబడ్డాయి. "సారీ ఆంటీ," అన్నాడు సుమతితో ఇంగ్లీషులో. "మాలో వయసు తెలియకపోతే ఎదుటివాళ్లని ఏమని పిలవాలో తెలీదు. అందుకని ముందు అదే అడుగుతారు."

"ఇందులో సారీ ఏముంది బాబూ? మేమూ అంతేగా," అన్నాను. "డెబ్భై రెండు వెళ్లాయి. డెబ్భై మూడు నడుస్తోంది."

"నాకు డెబ్భై అయిదు," అంది హల్మోని సంతోషంగా. "నువ్వు చెల్లెలు. తోంగ్‌సేంగ్."

పిల్లలు ఇంటి వెనక డెక్ మీదికి వెళ్లారు. సుమతి వంటింట్లో గారెలు వేస్తోంది. అల్లుడు శశికాంత్ ప్లేట్లు సర్దుతున్నాడు. మేమిద్దరం మిగిలాం. మా ఇద్దరి ఇంగ్లీషూ కలిపితే ఒక మనిషికి సరిపోతుందేమో. అయినా చేతులున్నాయి కదా.

"నీ భర్త?"

"లేరు. పోయి నలభై ఏళ్లు దాటింది."

"నీకంటే ఎంత పెద్ద?"

"నాలుగేళ్లు." ఎవరడిగినా అదే చెప్తాను. చారులో పోపు వేసినంత అలవాటుగా వచ్చేస్తుంది ఆ మాట.

"మంచి తేడా," అంది ఆవిడ.

"మీ జిహోకి ఎన్నేళ్లు?" నేను అడగాలనుకున్నది అదే. స్పందనని అడిగితే "సేమ్ ఏజ్ అమ్మమ్మా" అని ఊరుకుంది. సేమ్ అంటే అందులో ముందూ వెనకా ఉంటాయి కదా.

హల్మోని మూడు వేళ్లు చూపించి, తర్వాత గుప్పిట మూసి సున్నా చుట్టింది. "థర్టీ."

స్పందనకి మార్చిలో ఇరవై తొమ్మిది నిండాయి. అబ్బాయి ఏడాది పెద్ద. ఇంకేం కావాలి? లేచి వెళ్లి వేడి గారెలు రెండు ఆవిడ పళ్లెంలో వేశాను. మొహమాటపడకుండా తిని, ఇంకోటి తనే అడిగింది.

*

జూన్‌లో ఒక మధ్యాహ్నం స్పందన వంటింటి బల్ల దగ్గర లాప్‌టాప్ పెట్టుకుని మ్యారేజ్ లైసెన్స్ ఫారం నింపుతోంది.

"అమ్మమ్మా, నా ఫోన్‌లో జిహో డ్రైవింగ్ లైసెన్స్ ఫోటో ఉంది చూడు. నంబర్ చదవవా? నేను టైప్ చేస్తా."

చదివాను. నంబరు అయిపోయింది. నా కళ్లు అక్కడ ఆగితే బాగుండేది. ఆగలేదు, కిందికి దిగాయి. పన్నెండు, ముప్ఫై, పంతొమ్మిది వందల తొంభై ఆరు. ఇక్కడ నెల ముందు రాస్తారు, తేదీ తర్వాత. డిసెంబరు ముప్ఫై.

స్పందనదీ తొంభై ఆరే. మార్చి పద్నాలుగు. ఆసుపత్రిలో దాన్ని మొదట చేతుల్లోకి తీసుకున్నది నేనే.

బల్ల కింద వేళ్ల కణుపులు లెక్కపెట్టాను. తొమ్మిది నెలల పదహారు రోజులు. పిల్లే పెద్ద.

"ఏంటమ్మమ్మా, సైలెంట్ అయిపోయావ్?"

"ఏం లేదే. కళ్లజోడు మసకేసింది."

పెళ్లికూతురు పెద్దదైతే పెళ్లికొడుక్కి ఆయుష్షు తగ్గుతుందని మా వైపు అంటారు. విన్నవాళ్లు నవ్వేసి ఊరుకోవచ్చు. నేను నవ్వలేను. సుమతి నాన్న, వీరాంజనేయులుగారు, ఇరవై తొమ్మిదేళ్లకి పచ్చకామెర్లతో పోయారు. నాలుగేళ్లు పెద్ద అనేది అబద్ధం. నేనే ఆయనకన్నా పదకొండు నెలలు పెద్ద. మా అమ్మ ఆ సంగతి దాచి పెళ్లి చేసింది. ఆయన పోయిన పదో రోజున మా ఊరి మంత్రసాని వచ్చి, నన్ను పట్టుకుని ఏడుస్తూ ఏ ఏడు ఏ నెలలో నన్ను తీసిందో అందరి ముందూ చెప్పేసింది. మా అత్తగారు వాకిట్లో నిలబడి, "పెద్దది వచ్చి నా కొడుకు ఏళ్లు తినేసింది," అంది. ఆ మాట నాకు అన్నం సయించనివ్వని రోజులు ఎన్నో.

మరి హల్మోని ముప్ఫై అని ఎందుకు చెప్పింది? ఆలోచిస్తే ఒకటే తోచింది. వాళ్లలోనూ ఈ పట్టింపు ఉండి ఉంటుంది. మనవడి పెళ్లి చెడకూడదని, మా అమ్మలాగే ఆవిడా దాచింది.

*

ఆషాఢం రాకముందే ముహూర్తం పెట్టించాలని సుమతి గుడి పంతులు పద్మనాభంగారికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది.

"వరుడి జన్మనక్షత్రం ఏమిటమ్మా?"

"వాళ్లకి అలాంటివి ఉండవండి."

"పోనీ పేరుని బట్టి చూద్దాం. ఏం పేరన్నారు?"

"జిహో అండి."

"జి... జి... ఉత్తరాషాఢ, నాలుగో పాదం. మకరరాశి. దివ్యంగా ఉంది." సుమతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయన అడుగుతూనే ఉన్నారు. "ఈడూ జోడూ చూసుకున్నారు కదా? అబ్బాయికి ఎన్నేళ్లు?"

సుమతి నోరు తెరిచేలోపు నేను ఫోన్ మీదికి వంగాను. "ముప్ఫై నడుస్తోందండి. అమ్మాయికి ఇరవై తొమ్మిది."

ఆ గొంతు నాది కాదు. మా అమ్మది. అచ్చం అలాగే, గబగబా, ఇంకో ప్రశ్నకి చోటివ్వకుండా.

సుమతి నా వంక ఒక్క క్షణం చూసి మళ్లీ ఫోన్ వైపు తిరిగింది. శ్రావణంలో, ఆగస్టు రెండో వారం ముహూర్తం కుదిరింది.

*

ఇక ఆ నెలంతా నాకు జిహో తప్ప వేరే ధ్యాస లేదు. అతను తుమ్మితే నేను ఉలిక్కిపడేదాన్ని. కళ్లలో తెల్లగుడ్డు పచ్చబడిందేమోనని, పలకరించే నెపంతో దగ్గరికి వెళ్లి చూసేదాన్ని. ఇంటికి బయల్దేరితే, "చేరాడా, మెసేజ్ వచ్చిందా?" అని స్పందన ప్రాణం తీసేదాన్ని.

"అమ్మమ్మా, సువానీ హాఫ్ అన్ అవర్ కూడా లేదు. హీ ఈజ్ ట్వెంటీ ఎయిట్. బేబీ కాదు వాడు."

ఇరవై ఎనిమిది. ఎంత తేలిగ్గా అనేసింది ఆ అంకె. చెప్పేద్దామా అనిపించేది. చెప్తే ఏమవుతుంది? అది నవ్వుతుంది, పెళ్లి ఆగదు, కానీ ఒకసారి విన్న మాట ఊరికే పోదు. ఏ రోజో అతనికి జ్వరమొస్తే దాని మనసులో లేచి కూర్చుంటుంది. చెప్పకపోతే? రేపు ఏమైనా అయితే, తెలిసీ నోరు మూసుకున్నదాన్ని నేనే. శనివారాలు ఒంటిపూట భోజనం మొదలుపెట్టాను. సుమతి అడిగితే అరుగుదల లేదన్నాను.

జూలై మూడో శనివారం పొద్దున పిల్లలిద్దరూ పికిల్‌బాల్ ఆటకి బయల్దేరుతుంటే నేనూ వస్తానన్నాను.

"ఎందుకు? ఆడతావా?"

"మీరాడండి. నేను చూస్తా."

బయట ఎండ పెనంలా ఉంది. నేను నీడలో బెంచీ మీద మజ్జిగ సీసా పట్టుకుని కూర్చున్నాను. రెండుసార్లు పిలిచాను, కాస్త తాగి వెళ్లమని. "వన్ మోర్ గేమ్ అమ్మమ్మా," అన్నాడు జిహో. ఆ ఆట మధ్యలో బంతి కోసం వంగినవాడు లేవలేదు. మోకాళ్ల మీదికి జారి, అలాగే పక్కకి ఒరిగిపోయాడు.

తర్వాత స్పందన కారు ఎలా నడిపిందో, నేను వెనక సీట్లో అతని తల ఒళ్లో పెట్టుకుని ఏ దేవుళ్లని పిలిచానో నాకు గుర్తులేదు. మొహం మీద మజ్జిగ చల్లానట. చొక్కా అంతా మజ్జిగే.

ఆసుపత్రిలో అతన్ని లోపలికి తీసుకెళ్లారు. స్పందన వెంట వెళ్లింది. నేను బయట కుర్చీలో కూర్చున్నాను. అరగంటకి వాళ్ల పక్కింటావిడ కారులో హల్మోని వచ్చింది. నన్ను చూడకుండా నేరుగా కౌంటరు దగ్గరికి వెళ్లింది.

"జిహో. నా మనవడు. థర్టీ ఇయర్స్."

కౌంటరులో పిల్ల స్క్రీన్ చూసింది. "ఆ పేరుతో ఒకరున్నారు కానీ, ఇరవై ఎనిమిదేళ్లని ఉంది. ఆయనేనా?"

"థర్టీ," అని, హల్మోని ఏదో గుర్తొచ్చినట్టు చెయ్యి ఊపింది. "ఓకే, ఓకే. ట్వెంటీ ఎయిట్. మా వాడే."

ఆవిడ వచ్చి నా పక్కన కూలబడింది. సంచి ఒళ్లో పెట్టుకుని లోపలి తలుపు వైపే చూస్తోంది. నేనూ అటే చూస్తున్నాను. అడగడానికి అది సమయం కాదు. కానీ నెల రోజులుగా దాచుకున్నది ఆగలేదు.

"అక్కా, ఎందుకు అబద్ధం చెప్పావు?"

"ఏం అబద్ధం?"

"థర్టీ అన్నావు. కాదు కదా. స్పందన పెద్ద. నీకు తెలుసు."

ఆవిడ నా మొహంలోకి వింతగా చూసింది. తర్వాత తన పొట్ట మీద అరచెయ్యి పెట్టుకుంది. "ఇక్కడ, వన్."

నాకు అర్థం కాలేదు.

"తల్లి కడుపులో అన్ని నెలలు ఊరికే కూర్చున్నాడా? అదీ బతుకే. పుట్టేసరికి ఒకటి." ఒక వేలు మడిచింది. "డిసెంబరు ముప్ఫైన పుట్టాడు. రెండు రోజులకి కొత్త సంవత్సరం. ఆ రోజు అందరికీ ఒక ఏడు వస్తుంది. పిల్లాడికి, నాకు, రాజుకి, అందరికీ. సూప్ తాగుతాం, ఏడు వస్తుంది." రెండో వేలు మడిచింది. "రెండు."

"రెండు రోజుల పిల్లాడికి రెండేళ్లా?"

"రెండేళ్లు. ఇంకా బొడ్డు కూడా ఊడలేదు." అంత కంగారులోనూ ఆవిడకి నవ్వొచ్చింది. "మా దేశంలో ఇప్పుడు ఆ లెక్క తీసేశారు. రెండేళ్ల కిందట చట్టం చేశారు. ఒక్క పూటలో దేశమంతా చిన్నదైపోయింది. నా మోకాళ్లకి మాత్రం ఆ కబురు అందలేదు. నేను పాత లెక్కే చెప్తాను."

"మరి స్పందనకి ఎంత?"

"థర్టీ. ఒకే ఏడు పుట్టారుగా. జనవరి అయితే ఏం, డిసెంబరు అయితే ఏం? తొంగాప్." రెండు చూపుడు వేళ్లు పక్కపక్కన పెట్టి చూపించింది. సమానంగా. "పెద్ద లేదు, చిన్న లేదు. నీ భర్తలాగా నాలుగేళ్లయితే, అది వేరు."

లోపలి తలుపు తెరుచుకుంది. ఇద్దరం లేచాం. వేరెవరో. మళ్లీ కూర్చున్నాం.

"నాలుగేళ్లు కాదక్కా," అన్నాను. "నేనే పెద్ద. పదకొండు నెలలు. అందుకే ఆయన పోయారన్నారు."

ఇన్నేళ్లలో నా నోటితో నేను ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఆవిడకి ఎంత అర్థమైందో తెలీదు. నా వైపు తిరిగి అడిగింది.

"నువ్వు ఏ ఏడు?"

"మా ఏళ్లకి పేర్లుంటాయి. ఉగాదికి కొత్త పేరు వస్తుంది. నేను ఉగాది వెళ్లిన వారానికి పుట్టాను. ఆ ఏడు పేరు విజయ."

"ఆయన?"

ఆయన శివరాత్రికి ముందు పుట్టారు. తర్వాతి ఉగాది అప్పటికి ఇంకా రాలేదు. నేను లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది. నెలలు ఎన్నిసార్లు లెక్కపెట్టానో, ఏడు ఒక్కసారీ చూసుకోలేదు.

"విజయ," అన్నాను.

"తొంగాప్," అంది హల్మోని. ఎదురుగా కనబడుతున్న గోడ రంగు చెప్పినట్టు చెప్పింది. సంచిలోంచి కమలాపండు తీసి, వలిచి, సగం నా చేతిలో పెట్టింది. ఆ పండు రుచి నాకు తెలియలేదు కానీ, తొనలన్నీ తిన్నాను.

ఇంకో పావుగంటకి స్పందన వచ్చింది. "బానే ఉన్నాడు. ఎండ దెబ్బ, డీహైడ్రేషన్. సెలైన్ పెట్టారు. పొద్దున్నుంచి కాఫీ తప్ప ఏం తాగలేదంట, ఇడియట్."

హల్మోని కొరియా భాషలో ఏదో అంది. తిట్టని చెప్పడానికి దుబాసీ అక్కర్లేదు.

*

మర్నాడు సుమతి బెండకాయలు తరుగుతుంటే ఎదురుగా కూర్చున్నాను.

"సుమతీ, జిహో మన స్పందన కన్నా తొమ్మిది నెలలు చిన్న. పంతులుగారికి అబద్ధం చెప్పాను."

"తెలుసమ్మా."

"తెలుసా?"

"పోయిన డిసెంబర్‌లో వాడి బర్త్‌డేకి ట్వెంటీ ఎయిట్ అని రాయించి కేక్ ఆర్డర్ చేసింది నేనే కదా." కత్తి ఆపకుండానే అంది. "నువ్వు ఫోన్ మీదకి అలా వంగి చెప్తుంటే, కాదనడానికి నోరు రాలేదు."

"మీ నాన్న..."

"అదీ తెలుసు." ఈసారి కత్తి ఆగింది. "నాయనమ్మ వాకిట్లో నిలబడి అరిచినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. చెవులు లేవా నాకు?"

"మరి ఎప్పుడూ అడగలేదేమే?"

"నాలుగేళ్లు పెద్ద అని నువ్వు చెప్పినప్పుడల్లా నీ మొహం చూసేదాన్ని. ఎలా అడగనమ్మా?"

బెండకాయ ముక్కలు జిగురుగా వేళ్లకి అంటుకుంటున్నాయి. నేనూ ఇంకో కత్తి తీసుకుని తరగడం మొదలుపెట్టాను. కాసేపటికి సుమతి, "చిన్న ముక్కలు చెయ్యి, వేపుడుకి," అంది.

పంతులుగారికి నేనే ఫోన్ చేశాను. వయసు తప్పు చెప్పానని, అమ్మాయే పెద్దని చెప్పాను.

"అమ్మా, ఇక్కడ నేను చేసిన పెళ్లిళ్లలో అమ్మాయి పెద్దయినవి చాలా ఉన్నాయి. ఎవరూ ఫోన్ చేసి మరీ చెప్పరు, మీరు తప్ప."

"మరి ఆయుష్షు మాటో?"

"అది నా పంచాంగంలో ఎక్కడా రాసిలేదమ్మా. ఎండలో ఆడొద్దనండి."

ఎండ దెబ్బ సంగతి ఆయనకెలా తెలిసిందని అడగలేదు. కమ్మింగ్‌లో మనవాళ్లకి తెలియనిదేముంటుంది?

భయం పోయిందని మాత్రం చెప్పను. నలభై రెండేళ్లు ఒంట్లో ఉన్నది ఒక కమలాపండుతో పోదు. కాకపోతే శనివారం రాత్రి మళ్లీ అన్నం తిన్నాను.

పెళ్లిలో హల్మోని లేత గులాబీ రంగు పట్టు బట్టల్లో వచ్చింది. రాగానే పంతులుగారి వయసు అడిగింది. నలభై ఎనిమిదని తెలిసి, "చిన్నవాడు," అని ఆయన భుజం తట్టింది. జీలకర్రా బెల్లం అయింది, తాళి అయింది. ముత్తయిదువలందరూ అయ్యాక నేను అక్షింతలు పట్టుకుని వెళ్లాను. స్పందన నేర్పినట్టుంది, జిహో పంచె సర్దుకుంటూ వంగి నా కాళ్లకి దణ్ణం పెట్టాడు. మెళ్లో పూలదండ, మొహం నిండా పసుపు. ఆ పసుపుపచ్చ రంగు చూసి ఒక్క క్షణం నా చెయ్యి ఆగింది.

"నూరేళ్లు చల్లగా ఉండు నాయనా," అన్నాను.

స్పందన అతని చెవిలో దాని అర్థం చెప్పింది. అతను తలెత్తి నవ్వాడు.

"అమ్మమ్మా, హండ్రెడ్ ఇయర్స్ కొరియన్ లెక్కా? అమెరికన్ లెక్కా?"

"ఏ లెక్కలో ఎక్కువకాలం ఉంటావు?"

కాస్త ఆలోచించాడు. "అమెరికన్. వన్ ఆర్ టూ ఇయర్స్ ఎక్కువ."

"అయితే అదే," అని అక్షింతలు వేశాను. ఆ రెండేళ్లూ ఎక్కడ జారిపోతాయోనని పళ్లెంలోంచి ఇంకో గుప్పెడు తీసుకుని మళ్లీ వేశాను.